పన్నెండో భాష

2024 ఏప్రిల్లో, ఉగాదినాడు, డర్బన్‌లో ఒక హాల్లో పచ్చడి పంచుతున్నారు. ఇక్కడ ఉగాది ఆకులు రాలే రోజుల్లో వస్తుంది. అంచేత ఎండబెట్టి దాచుకున్న వేపపువ్వే దిక్కు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ముత్తాత చెరుకుతోటల్లో కూలికని మద్రాసులో ఓడెక్కి వచ్చినవాడు. ఆయనకి వచ్చిన తెలుగు పాతిక మాటలు. అమ్మ, తాత, అన్నం, దణ్ణం, ఇంకా వాళ్ళ నాయనమ్మ తిట్టిన రెండు తిట్లు. మిగతాదంతా ఇంగ్లీషే.

"నువ్వు ఇండియా నుంచి వచ్చినవాడివి, చదువుకున్నవాడివి. నాకో సంగతి చెప్పు," అన్నాడాయన. "ఈ దేశపు రాజ్యాంగంలో తెలుగు అన్న మాట రాసి ఉంది. అది చూసుకుని ఇన్నేళ్ళూ మురిసిపోయాం. ఇప్పుడేమో చెవిటివాళ్ళ సైగల్ని తీసుకెళ్ళి జులు పక్కన, ఇంగ్లీషు పక్కన కూచోబెట్టారు. మనల్ని వాకిట్లోనే ఉంచేశారు. నూట అరవై ఏళ్ళ నుంచి ఉన్నాం కదా, ఇదేం న్యాయం?"

చేతిలో పచ్చడి గ్లాసు ఉంది కాబట్టి తాగుతున్నట్టు నటించి సమాధానం తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికొచ్చింది. అది నన్నెందుకు అంతలా పట్టుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు విషయం ఏమిటో చెప్పాలి. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం ఆరో సెక్షన్లో పదకొండు అధికార భాషల పేర్లున్నాయి. సెపెది, సెసోతో, సెత్స్వానా, స్వాతి, వెండా, సోంగా, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు, ఎండెబెలే, ఖోసా, జులు. ఆ కింద మరో రెండు వరుసలున్నాయి. ఖోయ్, నామా, సాన్ భాషలూ, సంజ్ఞాభాషా ఎదగడానికీ వాడకంలో ఉండడానికీ తగిన పరిస్థితులు కల్పించాలని ఒక వరుస. దేశంలో ఆయా సమాజాలు మాట్లాడుకునే భాషల్ని పెంపొందించి, వాటికి గౌరవం దక్కేలా చూడాలని ఇంకో వరుస. జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, ఉర్దూలతోపాటు తెలుగు పేరున్నది ఈ వరుసలోనే. 2023 జులై 19న అధ్యక్షుడు రామఫోసా రాజ్యాంగ సవరణ మీద సంతకం పెట్టాడు. దాంతో దక్షిణాఫ్రికా సంజ్ఞాభాష రెండో వరుసలోంచి లేచి మొదటి వరుసలోకి వెళ్ళింది. పన్నెండో అధికార భాష అయింది. తెలుగు ఉన్నచోటే ఉంది.

పెద్దాయన బాధని తేలిగ్గా తీసెయ్యకూడదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగేసరికి వచ్చినవాళ్ళు లక్షా యాభై వేల పైచిలుకు. వాళ్ళలో మనవాళ్ళు చాలామంది. తోటలో దొరతో ఒక భాష, పక్కవాడితో ఒక భాష, ఇంటికొచ్చాక తెలుగు. 1931లో ఇక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. పగలంతా ఒళ్ళు విరుచుకున్నవాళ్ళు సాయంత్రాలు పిల్లలకి అక్షరాలు దిద్దించారు. అయినా నాలుగు తరాల్లో అది పాతిక మాటలకి వచ్చింది. 2014లో మన భాషల్ని మళ్ళీ ప్రభుత్వ బడుల్లో ఐచ్ఛిక పాఠ్యాంశాలుగా అనుమతించేసరికి, ఇంట్లో వాటిని మాట్లాడే పెద్దవాళ్ళు చాలామట్టుకు వెళ్ళిపోయారు. నాయనమ్మ పాడిన పాట రాగం గుర్తుండి మాటలు గుర్తులేకపోవడం ఎలాంటి బాధో, అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది.

కానీ ఆ బాధ వేరు, న్యాయం వేరు. న్యాయం అన్నప్పుడు ఒక ప్రశ్నకి సమాధానం చెప్పుకోవాలి. హక్కు భాషకి ఉంటుందా, మనిషికి ఉంటుందా?

భాషకి హక్కుందంటే, పాత భాష ముందు, కొత్త భాష తర్వాత. సాహిత్యం ఉన్నది ముందు, లేనిది తర్వాత. ఇలా పంక్తి వేసుకుంటూ పోవచ్చు. ఆ పంక్తిలో తెలుగుకి మంచి పీటే పడుతుంది. కానీ భాషకి ఆకలెయ్యదు, భయమెయ్యదు. దక్షిణాఫ్రికా రాజముద్ర మీద ఉన్న నినాదాన్నే చూడండి. భిన్నమైన జనం ఏకం కావాలని దాని అర్థం. 2000 సంవత్సరంలో ఆ రాజముద్రని స్వీకరించినప్పుడు ఆ మాటల్ని 'కామ్' అనే భాషలోంచి తీసుకున్నారు. నాలుకతో చిటికె వేసినట్టు పలికే ధ్వనులున్న ఆదివాసీ భాష అది. అప్పటికే దాన్ని మాట్లాడేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఒక దేశం ఒక భాషకి ఇంతకన్నా పెద్ద గౌరవం ఏమివ్వగలదు? అయినా ఆ గౌరవం ఏ తల్లి నోటికీ జోలపాట కాలేదు. చనిపోయిన భాషకి గుడి కట్టొచ్చు. ఆ గుడిలో మనుషులు కాపురం ఉండరు.

ఈ మాట పుస్తకాలు చదివి అంటున్నది కాదు. మా మామయ్య వల్ల అంటున్నది.

నేను చిన్నప్పుడు కృష్ణాజిల్లాలో అమ్మమ్మగారింట్లో పెరిగాను. అమ్మ చిన్నతమ్ముడికి మూడో ఏట జ్వరమొచ్చి వినికిడి పోయింది. ఊళ్ళో అందరూ ఆయన్ని 'మూగోడు' అనేవారు. మేం పిల్లలం కాస్త గౌరవం చేర్చి 'మూగమామయ్య' అనేవాళ్ళం. అసలు పేరు ఓటర్ల జాబితాలో మాత్రమే ఉండేది. నిజానికి ఆయన మూగవాడు కాదు. చేతులతో ఎడతెరిపి లేకుండా మాట్లాడేవాడు. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మమ్మ, ఆమె ముక్కుపుడక కాబట్టి. మీసం మెలేస్తే పెద్దమామయ్య. తలమీద రెండు వేళ్ళు నిలబెడితే గేదె. చెవి పట్టుకు లాగితే నేను, బళ్ళో మాస్టారు నా చెవి మెలేస్తుండగా ఒకసారి చూశాడు కాబట్టి. నాకు లోకంలో ఎన్ని పేర్లున్నా ఆయన పెట్టినదే నాకు బాగా నప్పిందనుకుంటాను.

ఆ సైగలన్నీ ఆయన సొంతంగా కల్పించుకున్నవి. మా ఇంటి గుమ్మం దాటితే అర్థం చేసుకునేవాళ్ళు లేరు. ఇంట్లో అయినా అందరికన్నా ఎక్కువ తెలిసినది నాకే. దాంతో నేనే ఆయనకి దుబాసీని.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు తాతగారి పొలం పంపకాలు జరిగాయి. మూగమామయ్యకి పెళ్ళీ పెటాకులూ లేవు కాబట్టి, ఆయన వాటా పెద్దమామయ్య పేరున పెట్టేట్టూ, ఆయన్ని పెద్దమామయ్య కనిపెట్టుకుని ఉండేట్టూ పెద్దమనుషులు తేల్చారు. హక్కు విడుదల దస్తావేజు రాయించారు. అందరం రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళాం. అక్కడాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇందులో ఏముందో ఇతనికి తెలుసా?" అని అడిగాడు. అందరూ నావైపు చూశారు.

నేను మామయ్యవైపు తిరిగాను. 'వాటా' అనడానికి మా మధ్య సైగ లేదు. 'నీది' అన్నది చూపించగలను. 'నీది ఇకనుంచి నీది కాదు' అన్నది ఎలా చూపించాలి? 'వద్దనుకుంటే వద్దనొచ్చు' అన్నది ఎలా చూపించాలి? పదిహేనేళ్ళు ఒకే కంచంలో తిన్నాం. అన్నం గురించి, గేదెల గురించి, వాన గురించి బోలెడు మాట్లాడుకున్నాం. ఆ బల్ల ముందు నిలబడ్డాకే తెలిసింది, హక్కు గురించి మాట్లాడుకునే భాష మాకు లేదని. నేను బొటనవేలు చూపించి, కాగితం చూపించి, వెయ్యమన్నట్టు తలూపాను. ఆయన నన్ను చూసి నవ్వి, చెవి లాగి చూపించి, వేలిముద్ర వేశాడు.

"తెలుసండీ," అన్నాను నేను.

పెద్దమామయ్య చెడ్డవాడు కాదు. ఇచ్చిన మాట తప్పలేదు. చివరిదాకా అన్నం పెట్టాడు, చివర్లో మంచంలో సేవా చేశాడు. ఎవరూ మోసపోలేదనే అందరం అనుకున్నాం. కానీ ఒక మనిషి తన జీవితంలో ఒకే ఒక్కసారి 'ఊఁ' అనాలో 'ఊహుఁ' అనాలో నిర్ణయించుకోవాల్సిన చోట, ఆ ప్రశ్న ఆయనదాకా చేరనే లేదు. చేరిందని నేను సాక్ష్యం చెప్పాను.

చాలా ఏళ్ళ తర్వాత, 2013 డిసెంబరు 10న, జొహానెస్‌బర్గ్ స్టేడియంలో మండేలా సంస్మరణ సభ జరిగింది. దేశాధినేతలు మాట్లాడుతుంటే వేదిక మీద ఒకాయన పక్కన నిలబడి సంజ్ఞాభాషలోకి అనువదిస్తున్నాడు. ఆ చేతుల కదలికలకి అర్థమే లేదని బధిరులు అప్పటికప్పుడే పసిగట్టారు. అలా చెప్పినవాళ్ళలో విల్మా న్యూహౌట్-డ్రుకెన్ ఒకరు. 1999లో ఈ దేశ పార్లమెంటుకి ఎన్నికైన మొదటి బధిర మహిళ ఆమె. ప్రపంచమంతా ఆ దుబాసీని చూసి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. అర్థంలేని చేతులూపి 'తెలుసండీ' అన్నవాడు ఆ వేదిక మీద ఒక్కడే కాదని నాకు తెలుసు.

తర్వాత కొన్నాళ్ళు సంజ్ఞాభాషల చరిత్ర చదివాను. కేప్‌టౌన్‌లో బధిర పిల్లలకి మొదటి బడి 1863లోనే పెట్టారు. 1880లో మిలాన్ నగరంలో ఉపాధ్యాయులు సభ పెట్టుకుని, బధిర పిల్లలకి నోటిమాటే నేర్పాలనీ సైగలు కూడదనీ తీర్మానించారు. ఆ గాలి లోకమంతా వీచింది. పిల్లలు పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవాలి, వినపడని గొంతుతో పలకాలి. చాలాచోట్ల చేతులు కదిపితే శిక్ష. ఈ దేశంలో ఇంకో వింత జరిగింది. తెల్లపిల్లల బళ్ళలో ఆ నియమాన్ని గట్టిగా అమలు చేశారు. నల్లపిల్లల చదువుని ఎవరూ అంతగా పట్టించుకోలేదు కాబట్టి, వాళ్ళ బళ్ళలో సైగలకి కాస్త చోటు మిగిలింది. చిన్నచూపు ఒక భాషని బతికించిన సందర్భం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

1960లో విలియం స్టోకీ అనే అమెరికన్ ఆచార్యుడు, బధిరుల సైగలకి మిగతా భాషల్లాగే లోపల ఒక కట్టడం ఉందని చూపించాడు. చెయ్యి ఆకారం, అది ఉన్న చోటు, కదిలే తీరు. మనకి అచ్చులూ హల్లులూ ఎలాగో వాటికవి అలాగ. ముఖకవళికలు కూడా వ్యాకరణమే. కనుబొమలు ఎత్తితే ప్రశ్న. ఏ దేశపు సంజ్ఞాభాష ఆ దేశానిది. అది పక్కనున్న నోటిభాషకి అనువాదం కాదు. ఇక్కడ 1996 నాటి బడుల చట్టం దాన్ని చదువు వరకూ అధికార భాషగా ఒప్పుకుంది. అయినా అది పన్నెండో తరగతి పరీక్షలో మాతృభాషా పాఠ్యాంశంగా రావడానికి 2018 దాకా పట్టింది.

మాతృభాష అన్నాను కదా, అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ బిడ్డ సహజంగా అందుకోగల భాష ఆ తల్లికి రాదు. తల్లి భాష ఆ బిడ్డకి చేరదు. మనం మాతృభాష అంటే తల్లి ఇచ్చేది, బిడ్డ పుచ్చుకునేది అనుకుంటాం. ఇక్కడ తల్లే బిడ్డ దగ్గరికి నడవాలి. తనకి తెలియని భాషని, తన పూర్వీకులెవరూ మాట్లాడని భాషని, బిడ్డ కోసం నేర్చుకోవాలి. అదీ తొందరగా. మొదటి నాలుగైదేళ్ళలో ఏ భాషా సరిగా అందని బిడ్డకి, తర్వాత ఎంత పోసినా ఆ లోటు పూర్తిగా పూడదు. చెవిలో యంత్రం అమర్చే ఆపరేషన్లు వచ్చాయి, కొందరికి బాగా పనిచేస్తున్నాయి, సంతోషమే. అందరికీ అవి అందవు, అందినా అందరిలో ఒకేలా పనిచెయ్యవు. అవి పనిచేసేదాకా బిడ్డ బుర్ర ఆగి ఉండదు.

ఇప్పుడు రెండు లోట్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దాయన మనవరాలికి తెలుగు రాదు. అది లోటే. కానీ ఆ పిల్లకి ఇంగ్లీషుంది, స్నేహితులతో జులు ఉంది. డాక్టరుకి నొప్పెక్కడో చెప్పగలదు, కాగితం చదివి సంతకం పెట్టనని అనగలదు. తెలుగు పోతే ఆమె ఒక ఇంటికి దూరమైంది. మా మామయ్య ఏ ఇంట్లోకీ రాకుండానే వెళ్ళిపోయాడు. ఈ రెండిటికీ ఒకే తూకం వెయ్యడం న్యాయం కాదు. ఎవరి భాష గొప్పదన్న మాట కాదిది. ఏ భాష లేకపోతే మనిషి 'వద్దు' అనలేడో, ఆ భాష బాకీ ముందు తీర్చాలి. మిగతా బాకీలు ఆ తర్వాత.

అంటే తెలుగుకి బాకీ లేదా? ఉంది. పెద్దాయన ముత్తాతనే తీసుకోండి. చదువురాని కూలీ. కాగితంలో ఏముందో ఎవరో చెప్పగా విని, ఒక గీతో వేలిముద్రో పెట్టి ఓడెక్కాడు. తోటలో దెబ్బలు తింటే మేజిస్ట్రేటుకి చెప్పుకోవాలి. అక్కడ దుబాసీ సరిగా చెప్పకపోతే, తెలుగు ఎంత బాగా వచ్చినా ఆయన మూగవాడే. ఆనాడు తెలుగు ఆయనకి వారసత్వం కాదు, ప్రాణావసరం. ఆనాడు ఈ దేశం తెలుగుకి ఇవ్వవలసింది గౌరవం కాదు, ఒక నిజాయితీ గల దుబాసీ. ఇవాళైనా వేరే భాష రాని ముసలమ్మ ఆసుపత్రి మంచం మీద తెలుగులో మూలుగుతుంటే, అక్కడ తెలుగుకి అలాంటి హక్కే ఉంది. హక్కు అక్షరాలతోపాటు తరాలకి దిగిరాదు. ఎక్కడ మనిషి నోరు మూతపడుతుందో అక్కడ పుడుతుంది.

మనవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పాలా? మద్రాసు రాష్ట్రంలో మన మాటకి విలువ లేదని పొట్టి శ్రీరాములు యాభై ఎనిమిది రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలాడు. మరుసటేడు భాష పేరు మీద రాష్ట్రం తెచ్చుకున్నాం. 2008లో ప్రాచీన భాష హోదా తెచ్చుకున్నాం. భారత రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఇరవై రెండు భాషలున్నాయి. వాటిలో చేతులతో మాట్లాడే భాష ఒక్కటీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాష ఊసెత్తింది. అదీ మేలే. కానీ భాషకోసం ప్రాణమిచ్చిన జాతిలో పుట్టి, ఇంట్లో ఒక మనిషికి భాషే లేదని నలభై ఏళ్ళు గమనించకుండా ఉన్నాం మేము. అన్నం పెట్టాం, బట్ట పెట్టాం. జిల్లాలో ఎక్కడైనా ఆయనలాంటి వాళ్ళున్నారా, వాళ్ళ బడి ఉందా అని ఒక్కసారి వాకబు చెయ్యలేదు.

చట్టంలో రాసినంత మాత్రాన అన్నీ అయిపోవు, నిజమే. 2023 సంతకం ప్రతి ఆసుపత్రికీ, ప్రతి పోలీస్ స్టేషనుకీ దుబాసీని పంపించలేదు. కానీ ఇకమీదట ఇక్కడ ఒక బధిరుడి చేత కాగితం మీద వేలిముద్ర వేయించేటప్పుడు, 'ఇతనికి తెలుసా' అన్న ప్రశ్నకి పంతొమ్మిదేళ్ళ మేనల్లుడి మాట చాలదని గట్టిగా అడిగే వీలుంది. ఆ రోజు నాకు కావలసింది అదే. ఎవరైనా నన్ను నమ్మకుండా ఉండడం.

కొన్ని వారాల తర్వాత పెద్దాయన మళ్ళీ కనిపిస్తే, "అంకుల్, మీ ప్రశ్నకి సమాధానం ఉంది, కానీ కాస్త పొడుగు," అని ఇదంతా చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడని చెప్పలేను. "నువ్వు చెప్పింది బాగానే ఉంది. అయినా మా నాయనమ్మ పాట నాకు కావాలి," అన్నాడు. అవును, కావాలి. దానికి నా దగ్గర సమాధానం లేదు. అది ప్రభుత్వాన్ని అడగవలసింది కాదేమో, మనలో మనం అడుక్కోవలసిందేమో. నేనైనా ఇక్కడికొచ్చిన ఇన్నేళ్ళలో ఆయన పక్కన కూర్చుని ఇరవైయారో మాట నేర్పలేదు కదా.

వెళ్ళబోతూ ఆగి, "మీ మామయ్య నిన్ను ఏమని పిలిచేవాడన్నావు?" అని అడిగాడు. చెవి పట్టుకు లాగి చూపించాను. ఆయనా తన చెవి లాగి, సరిగ్గా ఇలాగేనా అన్నట్టు చూశాడు.

సరిగ్గా అలాగే. మామయ్య పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన తర్వాత నన్ను ఆ పేరుతో పిలిచింది ఈయనే.